తల అరిగిన టి6 స్క్రూ: ముందు వేడి పెట్టాలా, నేరుగా డ్రిల్లు వేయాలా?

కొత్తపిడి:
ఒకరు వాడి ఇచ్చిన మడత కత్తి ఒకటి నా చేతికొచ్చింది. లైనర్ లాక్ (పలకల లోపల ఉండే లోహపు రేకు, అంటే లైనర్, తెరిచిన బ్లేడును ఆపే రకం), పిడికి రెండువైపులా జీ10 పలకలు. లోపల పాత నూనె గడ్డకట్టి బ్లేడు కదలడమే కష్టంగా ఉంది. పూర్తిగా విప్పి కడగాలి. బ్లేడు తిరిగే ఇరుసు, అంటే పివట్, దాని స్క్రూ టి8 (టార్క్స్ అనే ఆరు కోణాల గుంటకు సైజు నంబరు), ఇబ్బంది లేకుండా వచ్చింది. ఒకవైపు పలక స్క్రూలూ వచ్చాయి. రెండో వైపు ఒక్క టి6 స్క్రూ మాత్రం మొండికేసింది. దాని తలలోని ఆరు కోణాల గుంట గుండ్రంగా అరిగిపోయింది, బిట్ పెడితే ఉత్తినే తిరుగుతోంది. ఎక్కడ చూసినా రెండే సలహాలు: వేడి చేసి వదులు చెయ్యమని కొందరు, తలను డ్రిల్లుతో తీసెయ్యమని ఇంకొందరు. ఏది ముందు? స్క్రూ పోయినా ఫర్వాలేదు, పలక చెడకూడదు. అదే నా టెన్షన్.

సానరాయి:
వేడే ముందు. స్క్రూ రాకపోవడానికి కారణం తల కాదు, మరల్లో ఉన్న థ్రెడ్‌లాకర్, అంటే స్క్రూ వదులు కాకుండా మరలకు పూసే జిగురు. నీలం రంగుది మామూలు పనిముట్లతోనే విప్పొచ్చని అంటారు. పెద్ద బోల్టుల విషయంలో అది నిజమే. కానీ టి6 గుంట వెడల్పు దాదాపు 1.7 మిల్లీమీటర్లు. లాకర్ పట్టు వదిలేలోపే గుంట అంచులు అరిగిపోతాయి. ఆ నీలం రకమే అయిన లాక్‌టైట్ 242 అంత తేలిగ్గా రాకపోతే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, వేడిగా ఉండగానే విప్పాలి. సోల్డరింగ్ ఐరన్ మొనను నేరుగా స్క్రూ తలలో ఆనించి అర నిమిషం ఉంచండి, వెంటనే బిట్ పెట్టి తిప్పండి. చల్లారితే లాకర్ మళ్లీ గట్టిపడుతుంది. టార్చి మంట మాత్రం దగ్గరికి కూడా రానివ్వకండి.

ఉక్కుముక్క:
సానరాయి గారూ, ఆ 250 డిగ్రీలు పలకకు కూడా తగులుతాయి కదా? జీ10 అంటే గాజు నారబట్టను ఎపాక్సీలో ముంచి ఒత్తిన పలక. ఆ ఎపాక్సీ అంత వేడిని తట్టుకోదు. తల చుట్టూ గోధుమరంగు వలయం పడిందంటే ఇక అది పోదు. కొత్తపిడి గారు కాపాడుకోవాలనుకుంటున్నదే పలకను.

నా మాట వినండి, డ్రిల్లు వెయ్యండి. గుండ్రంగా అరిగిన గుంటే డ్రిల్లు మొనకు దారి చూపిస్తుంది, వేరే చుక్క కొట్టక్కర్లేదు. మర కాడ ఎంత లావుందో అంతే లావు బిట్, తక్కువ వేగం. తల తెగి ఉంగరంలా ఊడి వస్తుంది. చాలామంది గమనించనిది ఒకటుంది: తల పోయిన క్షణమే స్క్రూ మీద బిగింపు పోతుంది. పలక తీసేస్తే దాని మందమంత కాడ పైకి మిగులుతుంది, పటకారుతో పట్టి తిప్పితే వచ్చేస్తుంది. తల ఉన్నప్పుడు ససేమిరా కదలనిది తల పోయాక అంత తేలిగ్గా వస్తుంది.

సానరాయి:
చేత్తో పట్టుకున్న డ్రిల్లు కాస్త పక్కకు జారితే పలక మీద పడే గీత మీ గోధుమ వలయం కన్నా ఘోరం. పైగా రజను పివట్ వాషర్లలోకి, బేరింగుల్లోకి పోతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూలు చాలావాటికి అయస్కాంతం అంటుకోదు, ఆ రజనును అయస్కాంతంతో ఏరలేం. పలక వేడెక్కుతుందన్న మాట మాత్రం ఒప్పుకుంటాను. అందుకే ఐరన్ మొన తల అంచు దాటకూడదు. తలలో కాకపోతే ఇంకెక్కడ పెట్టాలి?

పనిబల్ల:
మీరిద్దరూ స్క్రూను పైనుంచే చూస్తున్నారు. కొత్తపిడి గారూ, ఒక్కటి చెప్పండి. రెండు లైనర్ల మధ్య వెనకవైపు చిన్న స్తంభాలు, అంటే స్టాండాఫ్‌లు ఉన్నాయా? మొండి స్క్రూ వాటిలోకి దిగుతోందా, లేక లైనర్‌కే మర ఉందా?

కొత్తపిడి:
స్టాండాఫ్‌లే. గుండ్రటి స్టీలు గొట్టాలు. స్క్రూ తల పలకలోకి దిగి ఉంది, పైకి కనపడదు.

పనిబల్ల:
అయితే తలలో అడ్డగాడి కోసి పట్టీ స్క్రూడ్రైవర్ పెట్టే పద్ధతి మీకు పనికిరాదు, కోస్తే పలక కూడా తెగుతుంది. రబ్బరు బ్యాండు పెట్టమని చెప్పేవాళ్లూ వస్తారు. ఇంత చిన్న గుంటలో రబ్బరు చితికిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

మీకు ఒకవైపు స్క్రూలన్నీ వచ్చేశాయి. ఆ వైపు పలక, లైనర్ తీసేయండి. పివట్ గొట్టాన్ని నెట్టి బ్లేడునూ వాషర్లనూ బయట పెట్టేయండి. ఇప్పుడు కాలడానికి వాషర్లు లేవు, చెయ్యి తెగడానికి బ్లేడూ లేదు. స్టాండాఫ్ నగ్నంగా నిలబడి ఉంటుంది, లాకర్ ఉన్నది దాని లోపలే. ఐరన్ మొన స్టాండాఫ్‌కు ఆనించండి. వేడి పుట్టేది లాకర్ దగ్గరే, పలకకు చేరేది అందులో కొంతే.

తలకు పట్టు కావాలంటే టి7 బిట్. టి6 కన్నా ఒక్క మెట్టు పెద్దది, అరిగిన గుంటలో బిగుతుగా కూర్చుంటుంది. ముందు గుంటలో ఎండిన లాకర్, మురికి సూదితో గీకెయ్యండి. కింద చెక్కదిమ్మ పెట్టి, బిట్‌ను నిటారుగా ఉంచి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. బిట్‌ను కదలనివ్వకుండా స్టాండాఫ్‌ను, దాని చుట్టూ తోలుముక్క చుట్టి, పటకారుతో తిప్పండి. స్క్రూను కాదు, స్టాండాఫ్‌నే తిప్పేది. లావుగా ఉంటుంది కాబట్టి బలమంతా దాని మీద పెట్టొచ్చు.

టార్క్స్ తలను 1967లో చేసిందే బిట్ జారకుండా ఉండాలని. బిట్ పూర్తిగా లోపలికి దిగితే బలం తిప్పడానికే పోతుంది, బిట్‌ను పైకి నెట్టదు. అలాంటి తల అరిగిందంటే గుంటలో మురికి ఉండగా సగం దిగిన బిట్‌తోనో, మొన అరిగిన చవక బిట్‌తోనో తిప్పారని అర్థం.

ఉక్కుముక్క:
స్టాండాఫ్ ఉన్నచోట ఇది బాగుంది, కాదనను. మర నేరుగా టైటానియం లైనర్లోనే ఉంటే? పట్టుకుని తిప్పడానికి ఏమీ ఉండదు. అక్కడ నా ఓటు డ్రిల్లుకే.

సానరాయి:
అక్కడ కూడా లైనర్ లోపలివైపు నుంచి వేడి పెట్టొచ్చు కదా. టైటానియంలో వేడి మెల్లగా పాకుతుంది, ఐరన్ ఆనించిన చోటే నిలుస్తుంది.

ఉక్కుముక్క:
నిలుస్తుంది, ఆ చోటుకు ఆనుకునే పలక ఉంటుంది. ఈ విషయంలో మీ మాటకు నేను రాను. ఇంకొకటి, ఎవరూ స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ (చెడిన స్క్రూలోకి దింపి, దాన్ని పట్టి వెనక్కి తిప్పే పనిముట్టు) సలహా ఇవ్వకండి. అంత సన్నటి ఎక్స్‌ట్రాక్టర్ గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకదు. అప్పుడు వేడీ లేదు, డ్రిల్లూ లేదు.

పనిబల్ల:
ఆ మాట అక్షరాలా నిజం.

కొత్తపిడి:
వచ్చేసింది! స్టాండాఫ్‌కు ఐరన్ పెట్టాను, టి7 తట్టి కూర్చోబెట్టాను, పటకారుతో తిప్పితే ముందు చిన్న కిర్రు, తర్వాత సాఫీగా తిరిగింది. మరల నిండా నీలం పొడి. పలక మీద మచ్చ లేదు. స్టాండాఫ్ మీద తోలు ఒత్తిన గుర్తు సన్నగా కనపడుతోంది. లోపల ఉండేదే కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తున్నాను. కొత్త స్క్రూ వేసేటప్పుడు మళ్లీ లాకర్ వెయ్యాలా?

సానరాయి:
వెయ్యండి, కానీ సూది మొనతో తీసుకున్నంత చాలు, మరల చివర మాత్రమే. పాత పొడి బ్రష్‌తో పూర్తిగా దులపండి. తలలోకి చుక్క కూడా పోకూడదు.

ఉక్కుముక్క:
పలక స్క్రూలకు అసలు అక్కర్లేదంటాను. బ్లేడు తెరిచి మూసేటప్పుడు కదిలేది పివట్, వదులయ్యేది అదే. లాకర్ దానికి వేస్తే సరిపోతుంది. మిగతావి రెండు వేళ్ల బలంతో బిగించి వదిలేయండి.