అప్‌డేట్: చివరి మలుపు బెడిసికొట్టిన కథ సంగతి

పోయిన నెల అడిగాను కదా, నా కథ ముగింపు చదివి ముగ్గురు స్నేహితులూ "మోసం చేశావ్" అన్నారని. అక్క తమ్ముడికి రోజూ ఉత్తరాలు రాస్తుంటుంది, ఆఖరి పేరాలో తమ్ముడు ఎప్పుడో చనిపోయాడని తెలుస్తుంది. అదీ కథ.

ముందే సూచనలు వదలమని చాలామంది చెప్పారు. వదిలాను. కవర్ల మీద అడ్రసు ఉండదు, తమ్ముడి వయసు ఏ ఉత్తరంలోనూ పెరగదు. అయితే అతి చేసినట్టున్నాను, రెండో పేజీకే గుట్టు రట్టయింది.

అసలు పనికొచ్చింది సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ. బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి తెలియకపోతే, పేలినప్పుడు దక్కేది 15 సెకన్ల ఆశ్చర్యం. ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. ఇది చదివాక మలుపునే తీసేశాను. తమ్ముడు లేడని మొదటి వాక్యంలోనే చెప్పేశా. ఇప్పుడు తెలియనిది తల్లికి ఒక్కదానికే. అక్క తమ్ముడి పేరుతో ఆమెకు ఉత్తరాలు రాస్తుంది. "వీడి చేతిరాత ఎంత బాగుపడిందో" అని ఆ తల్లి మురిసిపోయే చోట, రాస్తున్న నాకే గొంతు పట్టేసింది. పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలియడాన్ని నాటకీయ వ్యంగ్యం అంటారట. ఇన్నాళ్లూ వ్యంగ్యమంటే వెటకారమే అనుకున్నాను!

మళ్లీ ఆ ముగ్గురికే పంపాను. ఈసారి మోసం మాట రాలేదు. ఒకడు మాత్రం "తల్లికి నిజంగానే తెలియదా?" అని అడిగాడు. అది నేనింకా తేల్చుకోలేదు.