సమస్య: “పనిని దాటవేయువాఁడె ఘనుఁడు” – వచ్చిన పూరణలు, పరిశీలన

సమస్య అంటే అర్థం పొసగనట్టు ఇచ్చిన పాదం; దానికి మిగిలిన పాదాలు కట్టి ఒప్పించడమే పూరణ. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదు సూర్యగణాలు సరిపోయాయి. ‘ప’కూ నాలుగో గణం మొదటనున్న ‘వా’కూ యతి చెల్లింది. అర్థమే ఒప్పదు కనుక, దానిని ఒప్పించే భారం ముందున్న మూడు పాదాలదే. 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారు, ఇటువంటి సమస్యలను సభలో అప్పటికప్పుడు పూరించే అవధానాలతో మెప్పించిన ప్రాంతం మనది. ప్రశ్న అడిగే పృచ్ఛకుడు ఎదుట కూర్చున్నప్పుడు ఆలోచిస్తున్నట్టు నటించి గడుపుకోవడం ఏ అవధానికీ సాధ్యం కాదు. ఈ సమస్యను నేను ఇవ్వడానికి వేరే కారణం కూడా ఉంది; దానిని చివరి పూరణ దగ్గర చెబుతాను.

చీపురుపల్లి నుంచి ఉపాధ్యాయిని ఒకరి పూరణ:

దొంగలెక్క రాసి తోడుండుమని పిల్వ
కలము మూసి లేచి కదలిపోయి,
మాట పడిననేమి? మనసు మాసెడునట్టి
పనిని దాటవేయువాఁడె ఘనుఁడు.

పరిశీలన: అమ్మా, భావం నిండుగా ఉంది. ‘కలము మూసి లేచి’ అన్నచోట మనిషి కళ్లకు కట్టాడు. అయితే మూడో పాదంలోని ‘అట్టి’ని చూడండి. దానిని తీసివేసినా అర్థానికి లోటు రాదు. గణం నింపడానికే అది అక్కడ కూర్చుంది. పద్యంలో వ్యర్థపదం, కచేరీలో దస్త్రం తెరిచి ఊరకే కూర్చున్న ఉద్యోగి వంటిది: కుర్చీ నిండుతుంది, పని జరగదు. ‘మనసు మాసెడు కాని / పనిని’ అంటే గణమూ చెడదు, ‘కానిపని’ అనే మన నుడికారమూ చేరుతుంది.

పొందూరు మిత్రులొకరి పూరణ:

కొలువు కూడు తినుచుఁ గొరతపెట్టు నెవఁడు?
తప్పు నొప్పుకొనెడు దండి యెవఁడు?
అడుగ నవ్వ చెప్పె నా రాట్న మాపక,
“పనిని దాటవేయువాఁడె, ఘనుఁడు.”

పరిశీలన: క్రమాలంకారంతో సమస్యను రెండుగా విరిచి, రెండు ప్రశ్నలకు వరుసగా రెండు జవాబులు చేశారు. ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ‘రాట్న మాపక’ అన్న మాట. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, సన్నని నూలు వడికే ఆడవారిని నేను దగ్గర కూర్చుని చూశాను. ఆ దవడలోని చిన్న చిన్న పళ్లు పత్తిని దువ్వుతుంటే నలుసు ఒకవైపుకు, పోగు ఒకవైపుకు వస్తాయి. అక్కడ పని చేస్తున్నట్టు కనిపించడం అన్నది లేదు. కదురు మీద నూలు ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఈ మాటను అవ్వ నోట పలికించడం అందుకే అతికింది.

విజయనగరంలో ఇంటి నుంచి కంప్యూటర్ ఉద్యోగం చేసే తమ్ముడొకరి పూరణ:

తెరను జూచి చూచి తీరిక లేదను
నటన యెంత యలుపొ నరుల కెరుక;
నిజము చెప్పుకొంటి, నేఁ డెవ్వఁ డను నింకఁ
బనిని దాటవేయువాఁడె ఘనుఁడు?

పరిశీలన: ప్రశ్నగా మార్చి పూరించడం సులభమైన దారే అయినా, మొదటి రెండు పాదాలలో అనుభవం ఉంది కనుక పద్యం నిలబడింది. నాకు ఆ నటన తెలుసు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, పై అధికారి చెప్పుల చప్పుడు వినిపించగానే కలం మూత తీసి, గంట క్రితం చదివిన పుటనే మళ్లీ చదివేవాడిని. ఒకరోజు పింఛను కాగితం కోసం పల్లె నుంచి వచ్చిన ముసలాయనతో, “పని ఒత్తిడిగా ఉంది, రేపు రండి” అన్నాను. ఆయన బల్ల మీద నుంచి లేచి, నాకు నమస్కారం పెట్టి వెళ్లి, మరునాడు మొదటి బస్సుకే మళ్లీ వచ్చారు. ఆ సంతకానికి పట్టింది రెండు నిమిషాలు. నిన్న ఏ పనీ లేదని ఆయనతో చెప్పలేకపోయాను. ఇన్నేళ్లకు ఈ సమస్య ఇవ్వడానికి అదే కారణం.

కనుక తమ్ముడూ, ఒక్క సవరణ అడుగుతాను. మూడో పాదంలో ‘నిజము చెప్పుకొంటి’ అని, రెండో పాదంలో ‘నరుల కెరుక’ అన్నావు. యతి కుదిరింది గాని, నీ అలుపును లోకం మీదికి తోసి నువ్వు తప్పుకున్నావు. ఆ అలుపు ఎవరికి తెలుసు?

తమ్ముడి జవాబు: “నిజమే గురువుగారూ. ‘నటన యెంత యలుపొ నాకుఁ దెలియు’ అని మారుస్తున్నాను.”