నెట్ సరిగా రాని బడిలో ఏ ఉచిత సైట్లు పనికొస్తాయి? వాడినవాళ్లు చెప్పండి

ప్రశ్న – సైన్స్ టీచర్, జెడ్పీ హైస్కూల్

అందరికీ నమస్కారం. మా బడికి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది. నెట్ మాత్రం ఒక పీరియడ్ ఉంటే రెండు పీరియడ్లు ఉండదు. నా ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తున్నాను, కానీ రెండు వీడియోలు వేస్తే ఆ రోజు డేటా అయిపోతోంది. టీచర్లకు ఉచిత సైట్లు అంటూ వాట్సాప్‌లో వచ్చే జాబితాలు చాలా చూశాను. తెరిచి చూస్తే కొన్ని నెల తర్వాత డబ్బు అడుగుతున్నాయి, కొన్నిటికి ప్రతి పిల్లాడి చేతిలో ఫోన్ ఉండాలి.

వచ్చే వారం ఏడో తరగతికి విద్యుత్ పాఠం మొదలుపెట్టాలి. ల్యాబ్‌లో పనిచేసే బల్బులు మూడే ఉన్నాయి, పిల్లలు 43 మంది. శ్రేణి సంధానం (బల్బులన్నీ ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి), సమాంతర సంధానం (ఒక్కో బల్బుకు వేరే దారి) బోర్డు మీద బొమ్మ గీసి చెబితే అర్థమైనట్టే తల ఊపుతారు, పరీక్షలో రెండూ తారుమారు చేస్తారు. మీరు స్వయంగా క్లాసులో వాడినవి ఉంటే చెప్పండి.

జవాబు – ఫిజికల్ సైన్స్ టీచర్

మేడమ్, మీ పాఠానికి సరిగ్గా సరిపోయేది ఫెట్, తెర మీదే సైన్స్ ప్రయోగాలు చేసి చూసే సైట్. పి, హెచ్, ఇ, టి అని నాలుగు అక్షరాలు కొట్టి వెతకండి. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. పూర్తిగా ఉచితం, ఖాతా కూడా తెరవక్కర్లేదు. కొన్ని ప్రయోగాలకు తెలుగు అనువాదం ఉంది. అన్నిటికీ లేదు. లేకపోయినా ఇబ్బంది పడనక్కర్లేదు, తెర మీద చదవాల్సిన మాటలు తక్కువ.

అందులో 'సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ' తీసుకోండి. బ్యాటరీ, తీగలు, బల్బు, స్విచ్ వేలితో లాగి కలపడమే. వలయం పూర్తయితే బల్బు వెలుగుతుంది, తీగలో ఎలక్ట్రాన్లు కదలడం కనిపిస్తుంది. బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలూ తీగతో కలిపితే మంటలు వస్తాయి. షార్ట్ సర్క్యూట్ గురించి పిల్లలకు భయం లేకుండా, ప్రమాదం లేకుండా చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు. నాణెం, పెన్సిల్, రబ్బరు లాంటివి మధ్యలో పెట్టి ఏది వాహకమో, ఏది బంధకమో కూడా చూడొచ్చు.

నెట్ సంగతి. ప్రతి ప్రయోగం పేజీలో డౌన్‌లోడ్ గుర్తు ఉంటుంది. ఇంట్లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అది ఒక్క ఫైలే, క్రోమ్‌లో తెరిస్తే నెట్ లేకుండానే నడుస్తుంది. నేను ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ప్యానెల్‌కి కలిపి చూపిస్తాను. రెండేళ్లుగా ఎప్పుడూ మధ్యలో ఆగలేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. ముందే చూపించేయకండి. రెండు బల్బులు శ్రేణిలో కలిపి స్విచ్ వేయకుండా ఉంచండి. "ఒక బల్బు తీసేస్తే రెండోది ఏమవుతుంది?" అని అడిగి, ప్రతి ఒక్కరితో నోట్సులో రాయించండి. ఆ తర్వాతే స్విచ్ వేసి, బల్బు తీయండి. రెండోది ఆరిపోతుంది. సమాంతరంలో అదే ప్రశ్న మళ్లీ అడగండి. తప్పు రాసిన పిల్లలే ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు. ఊరికే చూపించిన ఏడాది, ముందు రాయించిన ఏడాది నా క్లాసులో తేడా నేనే చూశాను. చివర్లో మీ దగ్గరున్న మూడు బల్బులతో నిజంగా కూడా చేయించండి. తెర మీద చూసింది చేత్తో చేస్తేనే వాళ్లకు నమ్మకం కుదురుతుంది.

జవాబు – గణితం టీచర్

పిల్లలకు అర్థమైందో లేదో అక్కడికక్కడే తెలియాలంటే ప్లికర్స్ వాడండి. ఫోన్ టీచర్ దగ్గర ఒక్కటి ఉంటే చాలు. సైట్ నుంచి కార్డులు ఉచితంగా ప్రింట్ తీసుకోవాలి. ఒక్కో కార్డు మీద ఒక్కో నలుపు తెలుపు గుర్తు, నాలుగు వైపులా ఎ, బి, సి, డి చిన్న అక్షరాల్లో ఉంటాయి. మీరు ప్రశ్న అడుగుతారు, పిల్లలు తమ జవాబు ఉన్న వైపు పైకి పెట్టి కార్డు ఎత్తుతారు. ఫోన్ కెమెరాను క్లాసు మీదుగా నెమ్మదిగా తిప్పితే ఎవరు ఏం చెప్పారో మీ ఫోన్‌లో పడుతుంది. ప్రతి కార్డు గుర్తూ వేరు కాబట్టి పక్కవాడిది చూసి పెట్టడం కుదరదు. ఎప్పుడూ చెయ్యెత్తని పిల్ల కూడా ఇందులో జవాబు చెబుతుంది. నేను దీన్ని వదలకపోవడానికి అదే కారణం.

దీనికి నెట్ కావాలి, కానీ వీడియోకి అయ్యేంత డేటా అవదు. పిల్లల పూర్తి పేర్లు, ఫొటోలు మాత్రం ఏ సైట్‌లోనూ ఎక్కించకండి. రోల్ నంబరు చాలు.

గణితానికైతే జియోజీబ్రా, తెర మీద బొమ్మలు గీసి కదిలించి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌లో ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అక్కర్లేదు. త్రిభుజం మూలను లాగుతుంటే కోణాలు మారుతున్నా మొత్తం 180 డిగ్రీలే ఉండటం పిల్లలు కళ్లారా చూస్తారు.

జవాబు – తెలుగు టీచర్

ప్రశ్నపత్రాల గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను, ఎందుకంటే నా సమయం ఎక్కువగా పోయేది అక్కడే. పాత అను ఫాంట్లలో చేసిన పేపర్లు ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. ఇకమీదట ఏ ఫోన్‌లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోనే చేయండి. ఫోన్‌లో గూగుల్ కీబోర్డ్ జీబోర్డ్‌కి తెలుగు పెట్టుకుని మైక్ నొక్కి చెబితే అదే టైప్ చేస్తుంది. కామాలు, చుక్కలు మనమే పెట్టుకోవాలి, ల, ళ తేడాలు సరిచూసుకోవాలి. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి లేఖిని అనే సైట్ ఉంది. మాటల అర్థాలకు ఆంధ్రభారతి సైట్‌లో బ్రౌన్ నిఘంటువుతో పాటు చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతకొచ్చు.

జవాబు – ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), ప్రాథమిక పాఠశాల

చిన్న తరగతులవారికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్. తెలుగు కథలు బొమ్మలతో సహా పీడీఎఫ్‌గా దింపుకోవచ్చు. స్థాయిలు విడివిడిగా ఉంటాయి, మొదటి స్థాయిలో పేజీకి ఒకటి రెండు వాక్యాలే. ఓపెన్ లైసెన్సులో ఉన్నవి కాబట్టి ప్రింట్ తీసి పంచినా తప్పు లేదు. నా దగ్గర ఇలా కుట్టిన పుస్తకాలే ఒక చిన్న లైబ్రరీ అయ్యాయి.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ ధన్యవాదాలు. ఫెట్ ఫైలు దింపుకున్నాను, నెట్ తీసేసి చూశాను, నడుస్తోంది. ప్లికర్స్ కార్డులు కూడా ప్రింట్ తీసి, ఏడాదంతా ఉండాలని ల్యామినేషన్ చేయించాను. కానీ కొన్ని కార్డులు ఫోన్ పట్టుకోవట్లేదు. పైగా 40 కార్డులే వచ్చాయి, మా పిల్లలు 43 మంది.

జవాబు – గణితం టీచర్

మేడమ్, మెరిసే ల్యామినేషన్ మీద వెలుతురు పడితే కెమెరాకు గుర్తు కనబడదు. కిటికీకి ఎదురుగా కూర్చున్న వరుసవేనేమో చూడండి. అట్టముక్కకు అతికిస్తే చాలు, పాత పెళ్లిపత్రికల అట్టలు బాగా పనికొస్తాయి. పిల్లల వేళ్లు నల్లటి భాగం మీద పడకుండా అంచులు పట్టుకోమనండి. మీరు ప్రింట్ తీసింది మామూలు సెట్. అదే పేజీలో 63 కార్డుల సెట్ కూడా ఉంటుంది. అందులోంచి 41, 42, 43 నంబర్ల కార్డులు మాత్రం ప్రింట్ తీసుకోండి.