అప్‌డేట్: డీబగ్‌లో రాసిన ప్రోగ్రామ్ సేవ్ అయింది

ఒంగోలులో డీటీపీ షాపు మూసేశాక మామయ్య ఇంటికి తెచ్చిన పాత డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్‌లో, డీబగ్‌లో (డాస్‌తో వచ్చే, చిన్న ప్రోగ్రాములు రాసి పరీక్షించే సాధనం) రాసిన బుల్లి ప్రోగ్రామ్ సేవ్ కావట్లేదని, తెరమీద ఇంగ్లిష్ పెద్ద ‘ఏ’ (A)కి బదులు చిన్న ‘ఈ’ (e) పడుతోందని అడిగాను కదా. రెండూ తేలాయి.

సేవ్ చేసే డబ్ల్యూ (W) కమాండ్ కొట్టేముందు ఫైలు ఎన్ని బైట్లో సీఎక్స్ రిజిస్టర్‌లో (ప్రాసెసర్ సంఖ్యలు పెట్టుకునే చిన్న గడి) చెప్పాలట. నేను చెప్పలేదు, అది సున్నా బైట్లు రాసి ఊరుకుంది. ఆర్ సీఎక్స్ (R CX) అని కొట్టి 8 ఇచ్చా, ఎక్కింది. ఇక అక్షరం సంగతి. డీబగ్‌కు ప్రతి సంఖ్యా హెక్సాడెసిమలే, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్క. పెద్ద ‘ఏ’ కోడ్ అని నేనిచ్చిన 65, దాని లెక్కన చూస్తే మన 101, అంటే చిన్న ‘ఈ’ కోడ్. ఇవ్వాల్సింది 41.

అన్నట్టు, ఉత్త గీత ఒక్కటే కనిపిస్తే హ్యాంగ్ అయిందనుకుని మొదటిరోజు రెండుసార్లు స్విచ్ ఆపేశాను. అదే ప్రాంప్ట్ అట, అంటే కమాండ్ ఇవ్వమని అడిగే గుర్తు! మామయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.