పరీక్షల కోసమే చదివే దేశంలో అసలు పాండిత్యం ఎలా పుట్టింది?

అన్నానగర్_అభ్యర్థి:
హాయ్ అండి. చెన్నైలో సివిల్స్‌కి చదువుతున్నా, ప్రిలిమ్స్ రెండుసార్లు పోయింది, నవ్వకండి. వరల్డ్ హిస్టరీ చదువుతూ పక్కదారి పట్టి మింగ్, చింగ్ రాజవంశాల కాలం చైనా ప్రభుత్వోద్యోగ పరీక్షల దగ్గర ఆగిపోయా. నాన్‌జింగ్ పరీక్షా ప్రాంగణంలో 20,000 పైచిలుకు ఇటుక గదులట, గదిలో రెండు చెక్క పలకలు, పగలు ఒకటి బల్ల ఒకటి కుర్చీ, రాత్రి రెండూ కలిపితే మంచం, తిండి కూడా మనమే తెచ్చుకోవాలి. మా రీడింగ్ రూమ్‌లో ఏసీ పాడైందని నిన్న గొడవపడ్డా, సిగ్గేసింది. సరే డౌట్ ఏంటంటే, 12వ శతాబ్దపు పండితుడు జు షీ కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలకి రాసిన వ్యాఖ్యానం బట్టీ కొట్టి, ఎనిమిది భాగాల మూసలో వ్యాసం రాసి గట్టెక్కే చోట కొత్త ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది? 1905లో రద్దు చేసేదాకా అంతా బట్టీయేనా?

తాళపత్రం_తాత:
బాబూ, బట్టీ నిజమే. కానీ ఆ బట్టీ కొట్టే పుస్తకంలోనే ప్రక్షిప్తాలున్నాయని తేల్చినవాళ్ళూ అక్కడివాళ్ళే. షాంగ్‌షు అని ఆ పరీక్షలకి చదివే కన్ఫ్యూషియన్ పంచ గ్రంథాల్లో ఒకటి, ప్రాచీన రాజుల మాటలంటారు. అందులో 25 అధ్యాయాలు క్రీ.శ. 4వ శతాబ్దంలో బయటికొచ్చాయి. యాన్ రువొచ్యూ (1636-1704) ఇరవయ్యేళ్ళప్పుడు అనుమానపడి ముప్పయ్యేళ్ళు వాటి వెంటే పడ్డాడు. ఒక్క ముక్క చెప్తా. ఆ అధ్యాయాలతో పాటు వచ్చిన వ్యాఖ్యానం కుంగ్ అన్‌కువో అనే పాతకాలపు పండితుడిదని ప్రచారం. అందులో ఒకచోట జిన్‌చెంగ్ అనే జిల్లా పేరుంది. ఆ జిల్లా పుట్టిందే క్రీ.పూ. 81లో, అప్పటికే ఆయన పోయాడు! 1970 తేదీ వేసిన ఇంగ్లీషు దస్తావేజులో మద్రాస్ బదులు చెన్నై అని ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో బంట్రోతు కూడా పట్టేస్తాడుగా, పేరు మారింది 1996లో కదా, అచ్చం అలాంటిదే.

అసలు దెబ్బ వేరే. "మనిషి మనసు ప్రమాదకరం, ధర్మం వైపు మనసు సూక్ష్మం" అనే మాట మీదే జు షీ తత్వం చాలావరకు నిలబడింది, అది ఉన్నది ఆ దొంగ అధ్యాయాల్లోనే, పైగా షుంజీ అనే ప్రాచీన తత్వవేత్త గ్రంథంలోంచి ఎత్తుకొచ్చి అతికించారని యాన్ చూపించాడు. 18వ శతాబ్దంలో వీటిని సిలబస్ నుంచి తీసేద్దామా అనే మాట వస్తే జ్వాంగ్ సున్‌యు అనే పెద్ద అధికారి వద్దన్నాడు. దొంగవైతేనేం, రాజ్యానికి కావాల్సిన నీతి అందులో ఉంది కదా అని. మొత్తానికి సిలబస్‌లో ఉండిపోయాయి.

బండి_ఱ:
తాతగారూ సూపర్. నాది ఇంకో వైపు. పాత పద్యాల్లో మఱచి, తెఱచి ప్రాసకి కలుస్తాయి కానీ 'విరిసి'లో ర తో కలపరు, ఇప్పుడు మనం రెండూ ఒకేలా పలుకుతాం కాబట్టి మనకి తేడానే తెలీదు, అంటే నన్నయ నోట్లో అవి వేరు వేరు శబ్దాలని ప్రాసే సాక్ష్యం చెప్తోంది. చైనాలోనూ ఇదే కథ. వాళ్ళ అతి పాత పాటల సంకలనంలో అంత్యప్రాసలు తర్వాతి కాలం ఉచ్చారణకి కుదరట్లేదు, మధ్యలో కొంతమంది ప్రాస కుదరడానికి ఆ ఒక్కచోట వేరేలా చదువుకోండి అని సర్దేశారు. చెన్ ది (1541-1617) సర్దడమేంటి, కాలం మారితే ఊరు మారితే శబ్దం మారుతుంది, అప్పుడు అలాగే పలికేవాళ్ళు అన్నాడు. గు యాన్‌వు (1613-1682) అదే పట్టుకుని ముప్పయ్యేళ్ళకి పైగా పనిచేసి శబ్దశాస్త్రం మీద ఐదు పుస్తకాలు రాశాడు. చింగ్ ప్రభుత్వంలో ఉద్యోగం ఇస్తామన్నా వద్దన్న మనిషి, గుర్రాల మీద పుస్తకాలేసుకుని ఉత్తర చైనా అంతా తిరిగాడు.

సైదాపేట_సందేహం:
ఇదంతా బాగుంది గానీ వీళ్ళకి తిండి ఎవరు పెట్టారు?

తాళపత్రం_తాత:
మంచి ప్రశ్న. జనాభా పెరిగింది, ఉద్యోగాలు పెరగలేదు, పరీక్ష పోయిన చదువుకున్నవాళ్ళు ఊరికి పదిమంది. యాంగ్‌జౌ ఉప్పు వ్యాపారులు లైబ్రరీలు కట్టి పండితుల్ని ఇంట్లో పెట్టుకున్నారు. ఇక దాయ్ జెన్ (1724-1777) సంగతి వినండి. పదేళ్ళప్పుడు పంతుల్ని అడిగాడని ఓ కథ: కన్ఫ్యూషియస్‌కీ జు షీకీ మధ్య ఎన్నేళ్ళు? దాదాపు రెండు వేలు. మరి అప్పటి సంగతి జు షీకెలా తెలిసింది? పంతులు నోరు మూతపడింది. ఆ దాయ్ జెన్ పై పరీక్షలో మళ్ళీ మళ్ళీ తప్పాడు! చివరికి 1773లో చక్రవర్తి మొదలుపెట్టిన మహా గ్రంథ సంకలనానికి పిలిచారు, 1775లో చక్రవర్తే డిగ్రీ ఇచ్చేశాడు.

బండి_ఱ:
ఆ సంకలనం గురించి పొగిడేముందు ఆగండి. దాదాపు 3,460 గ్రంథాలు చేతిరాతతో ఏడు ప్రతులు రాయించారు, కరెక్టే. కానీ దానికని దేశమంతా పుస్తకాలు తెప్పించి, చింగ్ పాలకులైన మంచూలని తిట్టినవి ఏరి 2,000 పైచిలుకు గ్రంథాల్ని నిషేధించారు, చాలావాటిని తగలబెట్టారు. పండితులు పాఠాంతరాలు సరిచూస్తున్న ఆఫీసూ, పొయ్యిలోకి పంపే లిస్టు రాసిన ఆఫీసూ ఒకటే. అందుకే చాలామంది రాజకీయం జోలికి పోకుండా అక్షరాల్లో తలదూర్చారని కొందరంటారు, నాకు సగమే నమ్మకం, గు యాన్‌వు దీనికి వందేళ్ళ ముందే మొదలెట్టాడు కదా.

అన్నానగర్_అభ్యర్థి:
దాయ్ జెన్ ఫెయిలైన సంగతి స్క్రీన్‌షాట్ తీసి మా నాన్నకి పంపా. "ఆయనకి చక్రవర్తి ఉన్నాడు, నీకెవరున్నారు, చదువు" అని రిప్లై వచ్చింది. బండి ర అన్నా, ఆ ప్రాస సంగతి నన్నయలో ఎక్కడ చూడాలో ఒక పద్యం చెప్పు, ఆదివారం కోటూర్‌పురం లైబ్రరీకి వెళ్తున్నా.