కింద వెంట్రుకలు తీసుకోవడానికి రేజరా ట్రిమ్మరా క్రీమా, సేఫ్‌గా ఎలాగో తెలిసినోళ్ళు చెప్పండి

గాజువాక_కుర్రోడు:
అన్నలూ, ఇంట్లో అడగలేని విషయం, ఫ్రెండ్స్‌ని అడిగితే నవ్వేసి వదిలేస్తారు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ పని నాది, షిఫ్ట్ మొత్తం మందపాటి ప్యాంటు, బూట్లు, వేడి దగ్గర నిలబడే పని, దానికి తోడు మన వైజాగ్ ఉక్క ఎలా ఉంటాదో తెలిసిందే కదా, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆరదు. గజ్జల్లో వెంట్రుకలు గుబురుగా ఉండి చెమటకి అంటుకుపోయి చిరాగ్గా ఉంటంది. ఇప్పటిదాకా ఏం చెయ్యలేదు. ఒకడు రేజర్‌తో నున్నగా తీసేయ్ అంటాడు, ఇంకొకడు ఆడవాళ్ళు వాడే హెయిర్ రిమూవల్ క్రీమ్ రాసేస్తే పది నిమిషాల్లో అయిపోద్ది అంటాడు. వృషణాల మీద చర్మం చూస్తే అంత పల్చగా ముడతలుగా ఉంటాది, అక్కడ బ్లేడు పెట్టాలంటే భయమేస్తంది. అసలు తీయకపోతే శుభ్రత ఉండదా? ఎవరైనా సీరియస్‌గా చెప్పండి ప్లీజ్.

బీచ్‌రోడ్_రన్నర్:
బ్రో మంచి ప్రశ్న అడిగావ్, దీని గురించి ఎవడూ నోరు విప్పడు. ముందు నీ చివరి డౌటుకి, తీయకపోతే మురికి అని ఏం లేదు, రోజూ స్నానం చేసి బాగా ఆరబెట్టుకుంటే వెంట్రుకలు ఉన్నా శుభ్రమే, పైగా అవి ఉన్నాయి కాబట్టే చర్మం చర్మం నేరుగా ఒరుసుకోదు. నేను పొద్దున్నే ఆర్కే బీచ్ వైపు పరిగెడతా కాబట్టి నున్నగా గీసేస్తే తొడల మధ్య ఒరుపు ఎలా మండుద్దో చెప్పగలను, మళ్ళీ మొలిచేటప్పుడు ఆ గరుకు ఇంకో నరకం. అందుకే నా ఓటు ట్రిమ్మర్‌కి. గార్డు, అంటే బ్లేడు మీద బిగించే దువ్వెన, పెట్టి 3 నుంచి 6 ఎంఎం దాకా ఉంచి కత్తిరించుకో చాలు, చెమట పట్టి ఉండదు, గరుకూ ఉండదు. వెంట్రుకలు పొడిగా ఉన్నప్పుడే ట్రిమ్మర్ పెట్టు, తడిగా ఉంటే ముద్దగా అంటుకుని సరిగ్గా తెగవు. ముడతలున్న చోట ఎడం చేత్తో చర్మాన్ని సాగదీసి చదునుగా పట్టుకుని మెల్లగా పోనీ, ఆ ముడత బ్లేడు పళ్ళ మధ్యలోకి పోవడం వల్లే గాటు పడేది. కింద పేపర్ పరుచుకో, బాగా వెలుతురున్న చోట కూర్చో, షిఫ్ట్‌కి టైమ్ అయిపోతంది అన్న కంగార్లో మాత్రం వద్దు. అయ్యాక స్నానం చేసి తుడుచుకుని వదులుగా ఉండే కాటన్ వేసుకో. ఇంకోటి, తీసిన రోజే రుషికొండలో సముద్ర స్నానానికి దిగకు, కనపడని గాట్లలో ఉప్పు నీరు పడితే తెలుస్తాది.

మధురవాడ_మావయ్య:
నేను ఏళ్ళ తరబడి రేజరే వాడతాను బాబూ, పద్ధతిగా చేస్తే ఏమీ కాదు, అయితే పద్ధతి ముఖ్యం. పొడుగ్గా ఉన్నదాని మీద నేరుగా రేజర్ పెట్టకూడదు, ముందు కత్తెరతోనో ట్రిమ్మర్‌తోనో కురచ చేసుకోవాలి. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేశాక వెంట్రుక మెత్తబడుద్ది, అప్పుడు వాసన లేని షేవింగ్ జెల్ రాసి వెంట్రుక పెరిగిన దిక్కులోనే గీయాలి, ఎదురు గీస్తే నున్నగా వస్తాది నిజమే కానీ కొస లోపలికి తిరిగి చర్మంలోనే పెరిగి చీము పొక్కులు వస్తాయి. ఒకే చోట మళ్ళీ మళ్ళీ గీయకు, నొక్కి గీయకు. బ్లేడు కొత్తదై ఉండాలి, అయిదారుసార్లు వాడాక పారేయ్, బాత్రూమ్ తడిలో వదిలేసిన బ్లేడు అసలు ముట్టుకోకు. చివర్లో ఆఫ్టర్ షేవ్ లోషన్, నీళ్ళు కలపని డెటాల్, సెలూన్‌లో రాసే పటిక, ఇవేవీ అక్కడ రాయొద్దు. కొంచెం రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకో, ఆగుద్ది. వృషణాల మీద మాత్రం నేనూ రేజర్ పెట్టను, చుట్టూ వరకే.

వార్డ్‌_బ్రదర్_మహారాణిపేట:
తమ్ముడూ, నేను సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా పని చేస్తున్నాను కాబట్టి ఇది మా రోజువారీ పని. హెర్నియా ఆపరేషన్‌కి రేపు రమ్మంటే చాలామంది ఇంట్లోనే బ్లేడుతో గీసుకుని వచ్చేస్తారు, దయచేసి ఎవరూ అలా చెయ్యకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఆపరేషన్‌కి ముందు వెంట్రుకలు అసలు తీయకపోవడమే మంచిది, తప్పదు అంటే క్లిప్పర్‌తోనే (ట్రిమ్మర్ లాంటిదే), రేజర్ వద్దు అని గట్టిగా చెప్పారు. ఎందుకంటే బ్లేడు గీసిన ప్రతిసారీ కంటికి కనపడని గాట్లు పడతాయి, బ్యాక్టీరియాకి అదే దారి. ఆపరేషన్‌కే వద్దన్నది ఊరికే అందానికి ఎందుకు చెప్పు, కాబట్టి నాదీ ట్రిమ్మర్ మాటే.

ఇక క్రీమ్ సంగతి. వాటిలో ఉండేది థయోగ్లైకోలేట్ అనే కెమికల్, అది వెంట్రుకలోని కెరాటిన్‌ని కరిగిస్తాది. చర్మం పైపొర కూడా కెరాటినే కదా! కాలి మీద రాసినంత తేలిగ్గా వృషణాల మీద రాస్తే కాలిపోయినట్టు పొరలు ఊడతాయి, చాలా ప్యాకెట్ల మీద జననాంగాలకి వాడొద్దని రాసే ఉంటాది, ఎవరూ చదవరు. అక్కడ క్రీమ్ వద్దు, వ్యాక్సింగ్ కూడా వద్దు.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. చిన్న గాటే కదా అని వదిలేస్తే సెగ్గడ్డగా మారొచ్చు. గజ్జల్లోనో వృషణాల దగ్గరో భరించలేని నొప్పి, వాపు, జ్వరం, చర్మం నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాం అనుకోకుండా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్ళాలి, అక్కడ గంటలే లెక్క. పులిపిర్ల లాంటివి, ముత్యాల్లా చిన్న బుడిపెలు ఉంటే వాటి మీదుగా గీయొద్దు, ఒక చోటివి నాలుగు చోట్లకి పాకుతాయి. ముందు డాక్టర్‌కి చూపించాలి, మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో చర్మవ్యాధుల ఓపీ ఉంది, వాళ్ళు రోజూ చూసేవే ఇవి, సిగ్గు పడక్కర్లేదు.

మెడికల్‌షాప్_సీతమ్మధార:
అందరూ వెంట్రుకల గురించి చెప్పారు, నేను దురద గురించి చెప్పాలి, ఎందుకంటే మా కౌంటర్ దగ్గరకి ఇదే వస్తాది. షేవ్ చేసుకున్నాక దురద, లేదా చెమటకి తామర, పక్కకొచ్చి మెల్లగా దురద క్రీమ్ ఇవ్వండి అంటారు, చాలామంది పేరు కూడా చెప్పి అడుగుతారు, అదేమో స్టెరాయిడ్, యాంటీఫంగల్, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబు. రాసిన రెండ్రోజుల్లో దురద పోద్ది కాబట్టి అద్భుతం అనుకుంటారు, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంటాది, ఆపగానే రెట్టింపు అయి తొడల దాకా పాకుద్ది, గుండ్రంగా ఉండాల్సిన మచ్చ ఆకారం మారిపోయి డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టం. ముంజేతి మీద రాసిన స్టెరాయిడ్ ఎంత లోపలికి పోతాదో దానికి 42 రెట్లు వృషణాల చర్మం పీల్చుకుంటాదని 1967లోనే కొలిచారు, అందుకే అక్కడ చర్మం పల్చబడి ఎర్రగా మండిపోతాది, గజ్జల్లో చారలు పడితే ఇక పోవు. 2018లో ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా షెడ్యూల్ హెచ్‌లో పెట్టింది, అయినా అడిగేవాళ్ళు ఆగరు. నేను ఇవ్వను, తిట్టుకుంటూ వెళ్ళిపోతారు, పర్లేదు. తామరకి డాక్టర్ మందు రాస్తే మచ్చ పోయాక కూడా చెప్పినన్ని రోజులు వాడండి.

గాజువాక_కుర్రోడు:
చాలా థాంక్స్ అందరికీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ట్రిమ్మరే ఫిక్స్. ఒక్క డౌటు, రూమ్‌లో ముగ్గురం ఉంటాం, ఒకడి దగ్గర గడ్డం ట్రిమ్మర్ ఉంది, దానికే వేరే గార్డు పెట్టుకుని వాడితే సరిపోద్దా? వాడికి గజ్జల్లో దురద కూడా ఉంది, గుండ్రంగా ఎర్రగా ఉంటాదట.

వార్డ్‌_బ్రదర్_మహారాణిపేట:
వద్దు తమ్ముడూ, గార్డు మార్చినా లోపల బ్లేడు అదే కదా. రక్తం అంటిన చోట హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయాక కూడా కనీసం 7 రోజులు బతికుంటాది, రేజరైనా ట్రిమ్మరైనా పంచుకోకూడనిది అందుకే. నీది నువ్వు కొనుక్కో, డాబాగార్డెన్స్ వైపు షాపుల్లో తక్కువ రేటులోనే దొరుకుతాయి, తల ఊడదీసి నీళ్ళతో కడిగేది చూసుకో, గడ్డానికి దాన్ని వాడకు. నీ ఫ్రెండ్‌ది విన్నంతలో తామరలాగే ఉంది, అతన్ని ఓపీకి పంపు, ఈలోగా తువ్వాలు, లుంగీ, డ్రాయర్ ఎవరివి వాళ్ళవే, కలిపి నానబెట్టొద్దు, వేడి నీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. వానాకాలంలో సరిగ్గా ఆరకపోతే ఇస్త్రీ పెట్టుకుని వేసుకోండి. షిఫ్ట్ దిగగానే చెమట బట్టలతో బస్సులో కూర్చోకుండా ఇంకో జత బ్యాగులో పెట్టుకుని అక్కడే మార్చుకో.