థార్ ముందు బూటు చిరిగింది: బూటు ఒక్కటి మార్చితే చాలా, యాక్సిల్ మొత్తమా?

గోదారి_థార్
మారేడుమిల్లి దగ్గర వాగు దాటి వచ్చాక చూస్తే ముందు కుడి రిమ్ము లోపలంతా నల్ల గ్రీజు చిమ్మి ఉంది. కింద దూరి చూశాను. బయటివైపు బూటు, అదే యాక్సిల్ షాఫ్ట్ జాయింటులో గ్రీజు నిలిపే మడతల రబ్బరు తొడుగు, పెద్ద క్లిప్పు పక్క మడతలో బెత్తెడు చిరిగింది. చప్పుడు ఇంకా లేదు. బండికి రెండంగుళాల లిఫ్ట్ ఉంది, అంటే సస్పెన్షన్ అంత ఎత్తు లేపించాను. బూటు మార్చితే సరిపోతుందా? అతికించే రకం బూట్లు నిలుస్తాయా? లిఫ్ట్ వల్లే ఇలా అయిందా? వారంటీ వస్తుందా? ఇక్కడి నుంచి రాజమండ్రి దాకా నడపొచ్చా?

రేగడి_నేల
మా ఆదిలాబాద్ వైపు చిరగడం కాదన్నా, గుచ్చుకోవడమే. కంది కోసిన చేలోకి బండి దింపితే మోళ్లు ఏటవాలుగా నిలబడి ఉంటాయి, బూటులోకి సూటిగా దిగుతాయి. పత్తి కట్టె అంతకన్నా ఘోరం. మా తమ్ముడు అలాగే వానాకాలమంతా తిప్పాడు. చివరికి స్టీరింగ్ ఫుల్ కట్ కొడితే టకటకమని చప్పుడు, జాయింటే పోయింది. ఫోర్ బై ఫోర్ వేయలేదు కదా, ఏం కాదులే అన్నాడు. ముందు చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీసే హబ్ లాకులు లేని బండికి చక్రం తిరిగితే ఆ జాయింటూ తిరుగుతుంది. ఇప్పుడు చేను నుంచి వచ్చిన ప్రతిసారీ మడతల్లో వేళ్లు పెట్టి తడుముతాను.

షెడ్డు_మేస్త్రి
ఇరవై ఏళ్లుగా నా చేతుల్లో తిరిగినవన్నీ ఫోర్ బై ఫోర్ బళ్లే. చప్పుడు లేదంటే జాయింటు బతికే ఉంది, బూటు కిట్టు చాలు. షాఫ్ట్ బయటికి తీసి, జాయింటు విప్పి, డీజిల్‌తో కడిగి చూడండి. ఆరు బాల్సూ ఏ గాడిలోవి ఆ గాడిలోకే వెళ్లాలి, విప్పే ముందే వాటి మీద గుర్తులు గీసుకోండి. గాడిలో గోరు పెట్టి లాగితే గుంట తగిలిందా, ఇక దాన్ని పక్కన పడేయండి.

నల్లమల_దారి
డీజిల్‌తోనా మేస్త్రీ? అది ఆరదు. గాడుల్లో పొరలా ఉండిపోయి కొత్త గ్రీజును పలచన చేస్తుంది. నా బండికి ఒక షెడ్డులో అలాగే చేస్తే గ్రీజు నీళ్లలా కారి క్లిప్పు సందులోంచి బయటికి వచ్చింది. బ్రేక్ క్లీనర్ వాడాలి.

షెడ్డు_మేస్త్రి
గ్రీజు కారింది క్లిప్పు సరిగ్గా నొక్కక. డీజిల్‌తో కడిగాక గాలి కొట్టి, గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టాలి. ఆ పని చేయని వాడిని అనండి, డీజిల్‌ని కాదు.

నల్లమల_దారి
ఎంత గాలి కొట్టినా బాల్స్‌ని పట్టి ఉంచే కేజ్ వెనకాల తడి మిగులుతుంది. మీ కస్టమర్లు డబ్బు పోసి చేయించుకునే పని అది. పది నిమిషాలు మిగుల్చుకోవడానికి వాళ్ల జాయింటు పాడు చేస్తారా?

షెడ్డు_మేస్త్రి
మాట జాగ్రత్త తమ్ముడూ. నేను వేసిన బూటు ఊడిందని ఒక్క బండి వెనక్కి రాలేదు.

కొండగాలి_జిమ్నీ
మాకు ఈ బాధే లేదు. జిమ్నీ ముందు యాక్సిల్‌కి జాయింటు నకిల్ లోపల, అంటే స్టీరింగ్‌తో పాటు చక్రం తిరిగే ఇనుప గూడులో, మూసి ఉంటుంది, బయటికి రబ్బరు బూటే కనపడదు. పాత జిప్సీకీ అంతే. వనజంగి రాళ్లలో ఎంత తిప్పినా దిగులు లేదు.

రేగడి_నేల
బూటు లేకపోతే నకిల్ సీలు ఉంది కదన్నా. ఆ గుండ్రటి భాగం మీద బురద ఆరి గట్టిపడితే, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా సీలు అంచు కోసుకుపోతుంది. గ్రీజు కారుతోందేమో ఒకసారి తుడిచి చూసుకోండి.

అరిజోనా_అబ్బాయి
లిఫ్ట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఫీనిక్స్‌లో నాది టొయోటా ఫోర్‌రన్నర్. లిఫ్ట్ వేస్తే షాఫ్ట్ వాలు పెరిగి, బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. బండి కదిలినంతసేపూ అదే ఒరిపిడి. రెండు షాఫ్టులనూ తిప్పే గేర్ల పెట్టె డిఫరెన్షియల్‌ని కాస్త కిందికి దించే స్పేసర్లు వేస్తే వాలు కొంత తగ్గుతుంది. ఇక్కడ కూలి ఖరీదు కాబట్టి చాలామంది షాఫ్ట్ మొత్తమే మార్చేస్తారు. మనూళ్లో ఆ అవసరం లేదు.

నల్లమల_దారి
అసలు ముఖ్యమైంది గ్రీజు రకం. వీల్ బేరింగులకు వేసే గ్రీజు ఇక్కడ వద్దు, మాలిబ్డినం కలిసిన నల్ల గ్రీజే కావాలి. కిట్టులో వచ్చే ప్యాకెట్ మొత్తం వాడాలి: సగం బాల్స్ మధ్యకి కుక్కి, మిగతాది బూటులో. ఇది కూడా కాదంటారా మేస్త్రీ?

షెడ్డు_మేస్త్రి
అది కాదని నేనెప్పుడన్నాను? ఇంకొకటి రాసుకోండి. చిన్న క్లిప్పు బిగించే ముందు, బూటు అంచు కింద మొద్దు మొన ఉన్న సన్న స్క్రూడ్రైవర్ దూర్చి లోపలి గాలి వదలాలి. లేకపోతే బూటు ఉబ్బిపోయి మడతలు సరిగ్గా కూర్చోవు. హబ్ నట్టు కొత్తదే వేయండి. అతికించే బూటు మాత్రం కొండదారికి వద్దు, అతుకు మీద గ్రీజు మరక పడితే చాలు, విడిపోతుంది.

కొండగాలి_జిమ్నీ
గోదారి_థార్ గారూ, రాజమండ్రి దాకా రావాలంటే చిరుగు మీది బురద, గ్రీజు తుడిచి, సైకిల్ ట్యూబు చీల్చి గట్టిగా చుట్టి, రెండు పక్కలా జిప్ టైలు బిగించండి. ట్యూబు బ్రేకు పైపుకీ చక్రానికీ తగలకూడదు. నీళ్లలోకి దిగొద్దు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఎక్సలేటర్ తొక్కొద్దు. పోయిన వాన్లలో మా బ్యాచ్‌లో ఒక స్కార్పియో ఇలాగే ఇల్లు చేరింది.

గోదారి_థార్
ట్యూబు చుట్టించాను, ఘాట్ దిగుతున్నాను. చప్పుడు లేదు. కిట్టు రాజమండ్రిలో దొరకలేదు, విజయవాడ నుంచి తెప్పిస్తున్నాను. వారంటీ గురించి ఎవరైనా చెప్పండి.

రేగడి_నేల
గోదారి ఇసుకలో తిప్పేవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నా. టైర్లలో గాలి ఎంత ఉంచుతారన్నా?

కొండగాలి_జిమ్నీ
నేను 18 పీఎస్‌ఐకి దించుతాను. రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించుకోవాలి, చిన్న కంప్రెసర్ బండిలో పెట్టుకోండి.